గోరింకలు నిలవని పచ్చిక

పొద్దున్నే వరండాలో కాఫీ గ్లాసుతో కూర్చుని గోరింకల్ని చూడటం నాకు అలవాటు. మా ముంగిట్లోని గడ్డిలోకి అవి జంటగా దిగుతాయి. రెండడుగులు వేసి ఆగుతాయి. తల ఓరగా వంచి కాసేపు నిలబడతాయి. చటుక్కున ముక్కు దించి మట్టిలోంచి ఏదో లాగుతాయి. మళ్ళీ రెండడుగులు. ఈ మధ్య వాటిని చూస్తుంటే ఒక సంగతి మనసుని పట్టుకుని వదలడం లేదు. మాకూ పక్కింటికీ మధ్య ఉన్నది నడుమెత్తు గోడ. సంక్రాంతి వెళ్ళాక పక్కింటి పిన్నిగారు తమ ముంగిట్లో గడ్డి మొత్తం తీయించేసి ప్లాస్టిక్ గడ్డి పరిపించారు. ఫాల్గుణం ముగుస్తున్నా అందులో ఒక్క పరక వాడలేదు. గోరింకలు అక్కడా దిగుతాయి. ఒకటి రెండుసార్లు ముక్కుతో పొడిచి చూస్తాయి, తలెత్తుతాయి, గోడ దాటి మా వైపు వచ్చేస్తాయి. మా వైపు ఏముందని? అంచుల్లో పండిపోయిన గడ్డి, మధ్యలో తుంగ, గేటు దాకా మనుషులు నడిచిన దారిలో బోసి మట్టి. మనిషి కంటికి వాళ్ళది తోట, మాది ఎవరూ పట్టించుకోని జాగా. పిట్ట కంటికి మాత్రం సరిగ్గా తిరగబడింది. ఎవరి చూపు సరైనది? లేక ఆ పిట్టా నేనూ నేలలో వేరు వేరు వాటిని వెతుక్కుంటున్నామా?

ఈ ప్రశ్న ఊరికే రాలేదు. "మనమూ వేయించేద్దామా?" అని మా ఆయన అడిగి చాలా రోజులైంది. ఆయన అడిగిన దాంట్లో న్యాయం ఉంది. మా పచ్చిక పెద్దదేమీ కాదు, 400 చదరపు అడుగులు. మీటర్లలో చెప్పాలంటే 37 చదరపు మీటర్లు. నడివేసవిలో హైదరాబాదు ఎండకి తడిసిన పచ్చిక మీద నుంచి రోజుకి ఆరు మిల్లీమీటర్ల దాకా నీరు ఆవిరైపోతుంది. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు నీరంటే ఒక లీటరు. ఆ లెక్కన మా గడ్డి దాహం రోజుకి 220 లీటర్లు. 5000 లీటర్ల ట్యాంకరు తెప్పిస్తే మూడు వారాల్లో గడ్డే తాగేస్తుంది. ఆ నీళ్ళు ఎక్కడివి? 2004 నుంచి మా నగరం తాగుతున్న కృష్ణా నీరు నాగార్జునసాగర్ వైపు నుంచి వంద కిలోమీటర్లకు పైగా గొట్టాల్లో నడిచి, పంపులతో మెట్టు మెట్టుగా పైకెక్కి వస్తుంది. ఎల్లంపల్లి నుంచి వచ్చే గోదావరి నీటి ప్రయాణం ఇంకా దూరం. అన్ని ఊళ్ళు దాటి, అంత కరెంటు ఖర్చు చేసి, శుద్ధి చేసి పంపిన తాగునీటిని పైపుతో గడ్డి మీదకి వదులుతున్నప్పుడు, మా వీధి చివర బస్తీలో బిందెలు వరసపెట్టుకుని నల్లా కోసం చూసే ఆడవాళ్ళు గుర్తొస్తారు. ప్లాస్టిక్ గడ్డికి చుక్క నీరు అక్కర్లేదంటారు. మరి ఈ నగరంలో, ఈ వేసవిలో అదే నిజాయితీ గల దారి కాదా? చాలాకాలం ఈ వాదానికి నా దగ్గర జవాబు లేదు.

నమూనాలు తెప్పించుకుని చూశాం. దుకాణం నుంచి వచ్చిన కుర్రాడు అరచేయంత ముక్కలు బల్ల మీద పరిచాడు. పాతిక మిల్లీమీటర్ల ఎత్తుది, ముప్పై అయిదుది, నలభైది. మా అత్తయ్య ఒక్కొక్కటీ వేళ్ళతో నిమిరి చూసి, "మెత్తగానే ఉందే" అన్నారు. నిజమే, పూర్వపు రోజుల్లో కూరగాయల కొట్ల ముందు పరిచే గరుకు పచ్చ పట్టాలు కావివి. ఒక్కో ముక్కలో మూడు నాలుగు రకాల ఆకుపచ్చలు ఉన్నాయి. పరకలు ఒకే వైపు వాలకుండా కొన్ని ఇటు, కొన్ని అటు ఒరిగి ఉన్నాయి. మొదళ్ళలో ఏదో గోధుమరంగు కనిపిస్తే వేళ్ళతో విడదీసి చూశాను. ఉంగరాలు తిరిగిన సన్నటి పోగులు, ఎండిన గడ్డి రంగులో. "అవి ఉంటేనే నేచురల్‌గా కనపడుతుంది మేడమ్" అన్నాడా అబ్బాయి. చాలాసేపు ఆ ముక్కని చేతిలోనే పట్టుకుని ఉండిపోయాను. పచ్చివాటి కింద ఎండినవి లేకపోతే మన కన్ను నమ్మదన్నమాట. మా ముంగిట్లో ఏ పసుపుని చూసి మేం బాధపడుతున్నామో, దాన్నే కొలిచి, రంగేసి, పచ్చటి పోగుల మధ్య కుట్టి అమ్ముతున్నారు. గడ్డి అంటే ఏమిటో మన లోపల ఎక్కడో బాగానే తెలుసు, అందులో కొంత వాడిపోతుందనీ తెలుసు. తెలిసీ ఎందుకు భరించలేకపోతున్నాం?

ఒక మధ్యాహ్నం పిన్నిగారింటికి వెళ్ళినప్పుడు వాళ్ళ పచ్చిక మీద అరచెయ్యి ఆనించాను. ఆనించి ఉంచలేకపోయాను. ఎండలో ప్లాస్టిక్ గడ్డి పైభాగం 60 డిగ్రీలు దాటిపోతుందని అమెరికా ఆటస్థలాల్లో తీసిన కొలతలు ఎన్నోసార్లు చూపించాయి. చదివినదానికీ అరచేతికి తెలిసినదానికీ తేడా ఉంటుంది. ఇంటికొచ్చి మా పసుపు గడ్డి మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది, అంతే. ఎందుకింత తేడా అని ఆలోచిస్తే, నేను వృథా అనుకుని లెక్కేసిన ఆ నీళ్ళే ఎదురొచ్చాయి. లీటరు నీరు ఆవిరి కావాలంటే కరెంటు మీటరు కొలతలో యూనిట్‌లో మూడింట రెండొంతుల వేడి కావాలి. గడ్డి ఆ వేడిని ఎండ నుంచీ చుట్టూ ఉన్న గాలి నుంచీ తీసుకుంటుంది. రోజుకి 220 లీటర్లు ఆవిరైతే దాదాపు 150 యూనిట్ల వేడి మా వాకిట్లోంచి లేచిపోయినట్టు. అదంతా మా గదుల్లోకి వచ్చే వేడి కాదు, నిజమే. అయినా ఎక్కడో ఒకచోట, గోడకో గాలికో తగలాల్సినదే. నీళ్ళు పోయలేని వేసవిలో ఈ లెక్కంతా తగ్గిపోతుందనీ తెలుసు. కానీ గడ్డి నీరు తాగి ఏం చేస్తోందని ఇన్నేళ్ళలో నేనెప్పుడూ అడగలేదు. ఖర్చు పద్దు రాసుకున్నాను గానీ రాబడి పద్దు తెరవలేదు.

ఈ ప్లాస్టిక్ గడ్డి ఎలా పుట్టిందో చదివితే దాని మీద కోపం రాదు. 1950ల చివర్లో అమెరికాలో నగరాల పిల్లలు పల్లె పిల్లలంత దృఢంగా లేరని, వాళ్ళకి ఆడుకోవడానికి మెత్తటి నేల లేదని ఫోర్డ్ ఫౌండేషన్ మనుషులు బాధపడ్డారు. ఆ ఆలోచనలోంచి వచ్చిన సరుకుని మాన్‌శాంటో సంస్థ తయారుచేసింది, 1964లో రోడ్ ఐలండ్ రాష్ట్రంలోని ఒక బడిలో మొదట పరిచారు. అంటే పుట్టుకలో ఉన్నది పిల్లల మీద ప్రేమే. తర్వాతి కథ హ్యూస్టన్‌లోది. 1965లో అక్కడ ఆస్ట్రోడోమ్ అనే పెద్ద కప్పు ఉన్న క్రీడా మందిరం తెరిచారు. కప్పులోంచి ఎండ పడేలా పారదర్శకమైన పలకలు పెట్టి, లోపల నిజమైన గడ్డే పెంచారు. పైకి లేచిన బంతి ఆ వెలుగులో కనపడటం లేదని ఆటగాళ్ళు మొత్తుకుంటే పలకలకి రంగు పూశారు. ఎండ ఆగిపోయింది, గడ్డి చచ్చిపోయింది. మరుసటి ఏడాది ఆ చోట నైలాన్ గడ్డి పరిచారు. ఆస్ట్రోటర్ఫ్ అన్న పేరు అక్కడి నుంచే స్థిరపడింది. ఈ వరస నన్ను ఆలోచనలో పడేస్తుంది. ముందు ఎండ రాకుండా చేశాం, తర్వాత గడ్డి బతకడం లేదన్నాం, చివరికి ఎండ అక్కర్లేని గడ్డిని తెచ్చుకున్నాం. మా కాలనీలోనూ అదే కదా జరుగుతోంది? నాలుగు వైపులా గోడలు లేపి, చెట్లు కొట్టి, బోరులో నీరు వెయ్యి అడుగులకి దిగిపోయేదాకా తోడి, ఇక్కడ గడ్డి బతకదండీ అని తేల్చేస్తున్నాం.

ఈ మార్పు మన ఇళ్ళలోకి మొదట వార్తగా వచ్చింది. మా నాన్నగారికి హాకీ అంటే ప్రాణం. హిందీ అంతంతమాత్రంగా వచ్చినా 1975 మార్చిలో కౌలాలంపూర్ ప్రపంచకప్ ఫైనల్లో పాకిస్తాన్ మీద మనం 2-1తో గెలిచిన రోజు జస్‌దేవ్ సింగ్ వ్యాఖ్యానాన్ని ట్రాన్సిస్టర్ చెవికి ఆనించుకుని విన్న కథ ఆయన ఎన్నిసార్లు చెప్పేవారో. ఆ మరుసటి ఏడాదే మాంట్రియల్ ఒలింపిక్స్. తొలిసారి ఒలింపిక్ హాకీని కృత్రిమ పచ్చిక మీద ఆడించారు. 1928 నుంచి ప్రతి ఒలింపిక్స్‌లోనూ హాకీలో పతకం తెచ్చిన దేశం ఏడో స్థానంలో నిలిచింది. ఓటమికి కారణాలు ఇంకా ఉన్నాయి, మైదానం ఒక్కటే కాదు. కానీ ఎగుడుదిగుడు గడ్డి మీద బంతిని మణికట్టుతో మచ్చిక చేసుకునే విద్య ఒకటి ఉంది కదా, నున్నటి నేల మీద దానికి పాత విలువ లేకుండా పోయిందని నాన్నగారు అనేవారు. నేల మారితే నేర్పు కూడా మారిపోతుందని నాకు అర్థమైంది ఆయన మాటల్లోంచే. ఇంకో సంగతి పెద్దయ్యాక తెలిసింది. అంతర్జాతీయ హాకీకి వాడుతూ వచ్చిన ఆ ప్లాస్టిక్ మైదానాలకి ఆటకి ముందు, మధ్య విరామంలో నీళ్ళు కొడతారు. తడిస్తేనే బంతి వేగంగా జారుతుంది, పడ్డ ఆటగాడి చర్మం కాలకుండా ఉంటుంది. నీరు అక్కర్లేని గడ్డి అన్నది అక్కడ కూడా పూర్తి నిజం కాలేదు.

అలాగని ఆ గడ్డి వద్దే వద్దని అనగలనా? మా అబ్బాయి, వాడి స్నేహితులు శుక్రవారం రాత్రి పదకొండింటికి టర్ఫ్ బుక్ చేసుకుని బాక్స్ క్రికెట్ ఆడతారు. చుట్టూ వల, పైన దీపాలు, కింద పచ్చ ప్లాస్టిక్. ఆఫీసుల్లో పగలంతా తెరల ముందు కూర్చున్న పిల్లలు అక్కడ చెమట పడతారు, అరుస్తారు, పడి లేస్తారు. వాళ్ళకి నిజమైన మైదానం మనం మిగల్చలేదు. వందలమంది కాళ్ళ కింద, రాత్రింబవళ్ళు, ఏ మామూలు గడ్డీ తట్టుకోలేదు. అక్కడ దాని పని అది చేస్తోంది. నా సందేహం ఎవరూ ఆడని చోటు గురించి. రోజుకి పదిసార్లు గేటు దాకా నడవడం తప్ప మేం ఏ పనికీ వాడని ఆ 400 చదరపు అడుగుల గురించి.

అసలు ఇంటి ముందు గడ్డి ఎందుకు? ఈ ప్రశ్న వేసుకున్నాక వెనక్కి చాలా దూరం పోవలసి వచ్చింది. తెనాలి దగ్గర మా అమ్మమ్మగారి ఊళ్ళో ఏ ఇంటి ముందూ గడ్డి ఉండేది కాదు. వాకిలి అంటే ఊడ్చిన మట్టి, పేడనీళ్ళ కళ్ళాపి, దాని మీద ముగ్గు. వాకిట్లో గడ్డి మొలిచిందంటే ఆ ఇంట్లో దీపం పెట్టే మనిషి లేనట్టు. గడ్డి చోటు వేరే ఉండేది. పొలం గట్ల మీద, కాలవ ఒడ్డున పెరిగేది. సాయంత్రం ఆడవాళ్ళు కొడవళ్ళతో కోసి మోపులు కట్టి తెస్తే గేదెలు నమిలేవి. అమెరికన్ ఆర్థికవేత్త థోర్‌స్టీన్ వెబ్లెన్ 1899లో వచ్చిన 'ది థియరీ ఆఫ్ ది లీజర్ క్లాస్' పుస్తకంలో ఈ సంగతి మీద చేసిన పరిశీలన చదివి నేను ఆశ్చర్యపోయాను. పచ్చిక బయలుకి నిజమైన అందం ఆవు మేస్తుంటేనే వస్తుందని, కానీ ఆవుని కట్టేస్తే పొదుపు చేస్తున్నట్టు, దాంతో లాభం పొందుతున్నట్టు కనపడుతుంది గనుక సంపన్నులు దాన్ని దూరం పెడతారని ఆయన అంటాడు. ఇంగ్లండులో దొరల భవనాల ముందు మొదట గొర్రెలు మేసేవి, కూలీలు కొడవళ్ళతో కోసేవారు. 1830లో ఎడ్విన్ బడ్డింగ్ అనే ఆయన గడ్డి కోసే యంత్రం కనిపెట్టాడు. ఆ ఊహ ఆయనకి వచ్చింది బట్టల మిల్లులో, నేసిన ఉన్నిబట్ట మీద లేచిన నూగుని సమంగా కత్తిరించే యంత్రాన్ని చూసి. ఇక్కడ ఆగిపోయాను నేను. గడ్డిని బట్టలా కత్తిరించడం దాదాపు రెండు వందల ఏళ్ళ కిందటే మొదలైందన్నమాట. ఒకే ఎత్తు, ఒకే రంగు, ఒకే జాతి. గింజ పట్టకూడదు, పువ్వు పుయ్యకూడదు, పశువు మెయ్యకూడదు. ఇన్ని ఆంక్షలు పెట్టాక మిగిలేది పరుచుకునే బట్టే. ఆ బట్టనే ఇప్పుడు మిల్లులో నేస్తున్నారు.

ఆ పచ్చిక మనదాకా ఎలా వచ్చిందో చెప్పడానికి పెద్ద పరిశోధన అక్కర్లేదు. లార్డ్ కర్జన్ తాజ్‌మహల్ తోటని బాగుచేయించినప్పుడు మొఘలుల నాటి దట్టమైన చెట్లూ పూలమొక్కల వరసల స్థానంలో ఇంగ్లీషు పద్ధతి పచ్చికలు వచ్చాయి. నేటికీ మనం ఫోటోల్లో చూసేది ఆ తోటనే. సికింద్రాబాద్ కంటోన్మెంటు బంగళాల ముందూ ఆ పచ్చికలే. మా కాలనీ ఆ కంటోన్మెంటుకి దగ్గరది. ఇక్కడ మొదట ఇళ్ళు కట్టుకున్న రిటైర్డ్ అధికారులు తాము ఉద్యోగంలో చూసిన గౌరవాన్ని ఇంటికి తెచ్చుకున్నారు. దాన్ని తప్పుపట్టను. సాయంత్రం గడ్డి మీద పేము కుర్చీలు వేసుకుని కూర్చోవడంలో ఒక సుఖం ఉంది, అది నేనూ అనుభవించాను. మా పచ్చిక కూడా కడియం నర్సరీల నుంచి లారీలో పలకలు పలకలుగా వచ్చినదే. అయితే ఇప్పుడు తెలుస్తోంది, ప్లాస్టిక్ గడ్డినీ ఆ నర్సరీ పచ్చికనీ ఎదురెదురుగా నిలబెట్టి ఒకటి అబద్ధం, రెండోది నిజం అనడం అంత సులువు కాదని. రెండింటి వెనకా ఉన్న కోరిక ఒక్కటే. నేల మారకూడదు. ఎప్పుడు చూసినా మనం మొదటిరోజు చూసినట్టే ఉండాలి.

మా తోటపని చేసే పెద్దాయనకి ఈ కోరిక అర్థం కాదు. పాలమూరు వైపు నుంచి వచ్చిన రైతు ఆయన. పచ్చిక మధ్యలో మొలిచిన దాన్ని పీకమంటే, "గది గరిక అమ్మా. పీకితే పోతదా? బండలేసినా ఆగదు" అన్నారు నవ్వుతూ. మా అమ్మమ్మ కూడా గరికని తిట్టుకునేది. నల్లరేగడిలో అది పట్టిందంటే దున్నిన కొద్దీ పెరుగుతుంది, తెగిన ప్రతి కణుపూ ఇంకో మొక్క అవుతుంది. అదే అమ్మమ్మ వినాయక చవితి ముందు రోజు పిల్లలందరినీ గట్ల మీదకి తోలి, లేత గరిక ఏరుకు రమ్మనేది. ఇరవైఒక్క పత్రిలో అది లేకపోతే పూజ సాగదు. పొలంలో శత్రువు, పీట మీద పత్రి. ఆ రెండిటి మధ్య ఆవిడకి ఏ ఇబ్బందీ ఉండేది కాదు. నర్సరీల్లో బెర్ముడా అని అమ్మే పచ్చిక గడ్డీ, గట్టు మీది గరికా ఒకే జాతి మొక్కలని తెలిసిన రోజు నాకు ఆవిడ గుర్తొచ్చింది. క్రికెట్ మైదానాల్లో ఎంతో శ్రద్ధగా పెంచేదాన్ని మా ముంగిట్లో పిలవకుండా వచ్చిందని పీకిస్తున్నాం. వేసవిలో దాని పైభాగం ఎండి చచ్చిపోయినట్టు కనపడుతుంది గానీ మట్టి లోపల కాడలు బతికే ఉంటాయి. తొలకరి పడ్డ వారానికి మళ్ళీ చిగురిస్తుంది. పసుపు రంగు దానికి జబ్బు కాదు, జాగ్రత్త.

జపాన్ రైతు మసనోబు ఫుకుఓకా రాసిన 'గడ్డిపరకతో విప్లవం' ఆ రోజుల్లోనే మళ్ళీ తీశాను. కలుపుని పూర్తిగా తుడిచెయ్యాలని ఆయన ఎప్పుడూ అనుకోలేదు. నేలలో దాని పని దానికుందని, అదుపులో ఉంచితే చాలని నమ్మి, పైరు కింద తెల్ల క్లోవర్ పెంచి, గడ్డి పరిచి వ్యవసాయం చేశాడు. అంత దూరం కూడా పోనక్కర్లేదు. జహీరాబాద్ దగ్గర పస్తాపూర్‌లో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళలు ఎవరూ విత్తకుండా చేలల్లో మొలిచే ఆకుకూరల గురించి తమకు తెలిసినదంతా లోకానికి చెప్పారు. మా పచ్చికలోంచి ఇన్నేళ్ళూ పీకి పారేయించిన వాటిలో గంగవాయిలి కూర ఉంది, అటికమామిడి ఉంది, పులిచింత ఉంది, గడ్డిచామంతి ఉంది. వాటి పువ్వుల మీద వాలే చిన్న చిన్న పసుపు సీతాకోకచిలుకలు ఉన్నాయి. గోరింకలు లాగే పురుగులు ఆ వేళ్ళ మధ్యే ఉంటాయి. ఒకే ఒక్క రకం గడ్డి కోసం వీటన్నిటితో ఎందుకు పోరాడుతున్నామో మా పెద్దాయనకి నేను వివరించలేకపోయాను.

పక్కింటి పిన్నిగారి గురించి ఒక మాట చెప్పకపోతే ఇది అన్యాయమవుతుంది. ఆవిడ ఒంటరిగా ఉంటారు. మోకాళ్ళ నొప్పులు. వానాకాలం బురదలో జారి పడతానేమోనని భయం, ఎత్తుగా పెరిగిన గడ్డిలో పాములుంటాయేమోనని భయం. సమయానికి దొరికే తోటమాలి లేడు. ఇప్పుడు ఎండ ఎక్కకముందే ఆ పచ్చ చాప మీద చెప్పుల్లేకుండా అటూ ఇటూ నడుస్తారు, ఎంతో నిశ్చింతగా. ఆ నిశ్చింతకి నేనెలా వంక పెట్టగలను? ఆవిడకి ఈ సలహా ఇచ్చింది లాస్ వేగాస్‌లో ఉన్న కొడుకు. వాళ్ళ వైపు గడ్డి తీసేయడం మంచి పౌరుడి లక్షణం. అదీ నిజమే. కొలరాడో నది ఎండిపోతుంటే 2021లో నెవాడా రాష్ట్రం, రోడ్ల మధ్యా ఆఫీసుల ముందూ అలంకారానికి మాత్రమే పెంచే గడ్డికి ఆ నది నీరు వాడటం 2026 చివరితో ఆపెయ్యాలని చట్టం చేసింది. ఇళ్ళవాళ్ళు పచ్చిక తీసి ఎడారి మొక్కలు పెట్టుకుంటే అక్కడి నీటి సంస్థ డబ్బు కూడా ఇస్తుంది. కానీ లాస్ వేగాస్‌లో ఏడాదికి పడే వాన సుమారు 100 మిల్లీమీటర్లు. హైదరాబాదులో దాదాపు 800. ఆ లెక్కన మా చిన్న జాగా మీదే ఏడాదికి 30 వేల లీటర్ల వాన పడుతుంది, ఆరు ట్యాంకర్ల నీరు. ఆ అబ్బాయి ఉన్న నేలకి సరైన జవాబు మా నేలకి ఎందుకు సరిపోవాలి? వాళ్ళకున్నది వాన రాని కష్టం. మాకు నాలుగు నెలలు వచ్చిన వానని నిలబెట్టుకోలేని కష్టం. 2020 అక్టోబరులో ఒక్క రాత్రి కురిసిన కుండపోతకి నగరం ఎలా మునిగిందో చూశాం. ప్లాస్టిక్ గడ్డికి అడుగున రంధ్రాలుంటాయి, నిజమే. వాటి కింద గట్టిగా దిమ్మిస కొట్టిన కంకర, చాలాచోట్ల ఏకంగా సిమెంటు. ఆ రంధ్రాల్లోంచి దిగిన నీరు నేలలోకి పోయే దారి లేక వీధిలోకే పోతుంది.

ఇంకో లెక్క కూడా ఉంది, అది మన తర్వాత వాళ్ళు కట్టుకోవలసినది. ఆ చాప పది, పదిహేనేళ్ళకి అరిగిపోతుంది. పరకలు ఒక ప్లాస్టిక్, అడుగు గుడ్డ ఇంకో ప్లాస్టిక్, రెంటినీ పట్టి ఉంచే జిగురు వేరొకటి, మధ్యలో ఇరుక్కున్న ఇసుక. విడదీసి మళ్ళీ వాడటం చాలా కష్టం. ఎండకి పెళుసెక్కి రాలే పోగులు మట్టిలోకీ కాలవలోకీ పోతాయి. యూరోపియన్ యూనియన్ 2023లో సూక్ష్మ ప్లాస్టిక్‌ల మీద తెచ్చిన నిబంధనల ప్రకారం, క్రీడా మైదానాల్లో కృత్రిమ గడ్డి మధ్య చల్లే రబ్బరు, ప్లాస్టిక్ గుళికల అమ్మకం 2031 నుంచి ఆగిపోవాలి. బ్రిటన్‌లోని రాయల్ హార్టికల్చరల్ సొసైటీ 2022 నుంచి చెల్సీ పూల ప్రదర్శనలో కృత్రిమ గడ్డిని రానివ్వడం లేదు. పచ్చికని ప్రపంచానికి నేర్పిన దేశంలో తోటమనుషులు ఇంత గట్టిగా వద్దన్నారంటే, వాళ్ళకి మట్టి గురించి ఏదో బాగా తెలిసి ఉండాలి. కప్పేసిన మట్టి ఏమవుతుంది? గాలాడక, ఆకు రాలక, వేరు దిగక, అందులోని వానపాములు చచ్చిపోతాయో వలసపోతాయో. పదేళ్ళ తర్వాత చాప ఎత్తితే కింద ఉండేది నేలే, కానీ దాన్ని మళ్ళీ మట్టి అనిపించుకునేలా చెయ్యడానికి ఎన్ని వానాకాలాలు పడతాయి?

ఇవన్నీ ఒకచోట పెట్టుకుని చూశాక నాకు తేలినది ఇది. నేను ఇంటి ముందు కోరుకుంటున్నది పచ్చరంగు అనుకున్నాను. రంగే కావాలంటే ప్లాస్టిక్‌ని మించినది లేదు, దాన్ని ఒప్పుకోవాలి. కానీ వాన పడ్డాక మట్టివాసన రావాలి, ఆ వాన అక్కడే ఇంకాలి, మధ్యాహ్నం కాలు పెడితే కాలకూడదు, పిట్టలకి తిండి ఉండాలి, చవితికి నాలుగు గరిక పోచలు మా వాకిట్లోనే దొరకాలి. ఇవన్నీ ఇచ్చే నేల ఏడాది పొడుగునా పచ్చగా ఉండదు. వేసవిలో పండుతుంది, కొన్నిచోట్ల బోసిపోతుంది. ఆ నాలుగు నెలలు నేను దాన్ని అలా చూడగలగాలి. వచ్చిన చుట్టం "గడ్డి ఎండిపోయిందేమిటండీ" అంటే, వేసవి కదండీ అని మామూలుగా చెప్పగలగాలి. తాగునీటి పైపు మూసెయ్యడానికి నేలని మూసెయ్యనక్కర్లేదని అర్థమయ్యాక, బిందెల వరస ముందు నాకున్న సిగ్గుకీ జవాబు దొరికింది.

మా ఇంట్లో మాట్లాడుకుని ఒక ఒప్పందానికి వచ్చాం. గేటు నుంచి మెట్ల దాకా అత్తయ్య జారకుండా నడవడానికి గరుకు కడప బండలు, మధ్యలో నీరు దిగేలా సందులు వదిలి. మెట్ల ముందు కొంత మేర ఊడ్చి ముగ్గు వేసుకునే మట్టి వాకిలి. వాలు ఉన్న మూలన ఒక ఇంకుడు గుంత. మిగతాది గరికకీ దానితో వచ్చేవాళ్ళకీ. దానికి బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళే, తాగునీరు చుక్క కూడా వద్దు. నెలకోసారి కొడవలితో కోత, కోసినది వీధి చివర ఉన్న గేదెలకి. మా ఆయన ఒక షరతు పెట్టారు: రెండు వానాకాలాలు చూద్దాం, నచ్చకపోతే మళ్ళీ మాట్లాడుకుందాం. నేను సరేనన్నాను. ఆయన సందేహం నాకూ కొంత ఉంది. బురద ఎక్కువైతే? దోమలు పెరిగితే? అత్తయ్యకి కష్టమైతే? అప్పుడు ఇంకో దారి వెతకాలి, పిన్నిగారి దారి కూడా అందులో ఒకటి. అయితే రెండేళ్ళ తర్వాత ఈ జాగా బాగుందా లేదా అని తేల్చుకునేటప్పుడు, అది ఎంత పచ్చగా ఉందన్నది మొదటి ప్రశ్న కాకూడదని ఇద్దరం అనుకున్నాం. పడ్డ వానలో ఎంత లోపలికి దిగింది, మధ్యాహ్నం వరండాలో కూర్చోగలుగుతున్నామా, పారతో తవ్వితే వానపాము కనిపిస్తోందా అన్నవి ముందు అడుగుతాం. పెద్దాయన జ్యేష్ఠంలో బండలు పరిచే మనుషుల్ని తీసుకొస్తానన్నారు. తొలకరి లోపు పని అయిపోవాలి.